గడ్డికోత రోబోలలో ఉపగ్రహ సంకేత గ్రహణం: యాంటెన్నా ప్రాధాన్యత

వరంగల్ ప్రాంతపు మామిడి తోటలలో గడ్డికోత రోబో కొద్దిగా దారి తప్పినా డ్రిప్పు గొట్టాలు తెగే ప్రమాదం ఉంది. సాధారణ జీపీఎస్ గ్రాహకంలో లోపం కొన్ని మీటర్ల వరకు ఉంటుంది. స్థిర కేంద్రం నుండి సవరణలు అందుకొనే ఆర్‌టీకే పద్ధతి దానిని 2-3 సెంటీమీటర్లకు తగ్గించగలదు. అయితే తడి ఆకులు సంకేతాన్ని బలహీనపరుస్తాయి. నేల, లోహభాగాల నుండి పరావర్తనం చెందిన సంకేతాలు దూరపు లెక్కను తప్పిస్తాయి.

కావున 1575.42 మెగాహెర్ట్జ్ (ఎల్1), 1176.45 మెగాహెర్ట్జ్ (ఎల్5) పౌనఃపున్యాలు రెండింటినీ స్వీకరించే యాంటెన్నాను యంత్రపు పైభాగాన, లోహపు పలకపై అమర్చాలి. గ్రాహకం కూడా అందుకు అనువైనదై ఉండాలి. ఎల్5లో భారతీయ నావిక్ సంకేతాలు సైతం లభిస్తాయి. స్థిర కేంద్రపు యాంటెన్నాను చెట్లకు దూరంగా, ఆకాశం పూర్తిగా కనిపించే చోట నిలపాలి. దట్టమైన కొమ్మల కింద యాంటెన్నా ఒక్కటే చాలదు; సెంటీమీటరు స్థాయి కచ్చితత్వం తప్పగానే బ్లేడు ఆగిపోయే ఏర్పాటు తప్పనిసరి.