పెట్టె విప్పిన తర్వాతి గంట

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న నా మొదటి మౌంటెన్ బైకు మీద మూడు వారాలు ఆఫీసుకు వెళ్లాను. మలుపు తిరిగిన ప్రతిసారీ బూటు కొస ముందు టైరుకు రాసుకునేది. సందుల్లో హ్యాండిల్ తిప్పితే బండి మొరాయించేది. లావు టైర్ల సైకిలు ఇలాగే ఉంటుందేమో, అలవాటైతే సర్దుకుంటుందేమో అనుకున్నాను. నాలుగో వారం పంక్చరు వేయించడానికి ఆగినచోట మెకానిక్ ఒక్క చూపు చూసి, "సార్, ముందు ఫోర్కు ఉల్టా పెట్టిన్రు" అన్నాడు. మనం సీటు మీద కూర్చుంటే ముందు చక్రం డిస్కు, దాన్ని పట్టే బ్రేకు ఎడమచేతి పక్కన, ఫోర్కు కాలికి వెనకవైపు ఉండాలి. నా బండికి అవి కుడిపక్కన, ముందువైపు ఉన్నాయి. పెట్టెలో పట్టడానికి కంపెనీవాళ్లు ఫోర్కును వెనక్కి తిప్పి సర్దుతారు. ఫిట్టింగుకు పిలిచిన మనిషి దాన్ని ముందుకు తిప్పకుండానే హ్యాండిల్ బిగించేశాడు.

సైకిల్లో లోపం లేదు. అమ్మినవాళ్లు చెప్పిన వస్తువే పంపారు. చెడింది పెట్టె విప్పిన తర్వాతి గంటలో. అందుకే సైకిలు కొనాలనుకుంటున్న ఆఫీసు మిత్రులు ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతాను. షాపులో కొంటారా, ఫోనులో కొంటారా అన్నది తర్వాత చూద్దాం. ఆ గంట పని ఎవరి చేత చేయిస్తారో ముందు తేల్చుకోండి.

అంతకంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. మీకు మౌంటెన్ బైకే కావాలా? 1970లలో కాలిఫోర్నియాలో, మౌంట్ టామల్‌పైస్ కొండ మట్టిదారుల్లో పాత బరువు సైకిళ్ల మీద దూసుకొచ్చే కుర్రాళ్లు వాటికి గట్టి బ్రేకులూ గేర్లూ తగిలించుకుంటూ పోగా ఈ సైకిలు రూపు కట్టింది. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి వెళ్లే మనకు ఆ కొండ లేదు. కానీ రోడ్డు కన్నా రెండంగుళాలు పైకి లేచిన మ్యాన్‌హోల్ మూతలున్నాయి, కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన గాడులున్నాయి, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లున్నాయి. వీటికి లావు టైరు నిజంగా పనికొస్తుంది. రెండంగుళాల టైరు చాలా గుంతలను తనే మింగేస్తుంది.

ముందు స్ప్రింగు ఫోర్కు సంగతి అలా కాదు. 12 నుంచి 20 వేల మధ్య దొరికే గేరు సైకిళ్లలో ఎక్కువ వాటికి ఉండేది ఇనుప స్ప్రింగు. అది నొక్కుకుంటుంది, లేస్తుంది, అంతే. ఆ ఊపును అదుపు చేసే నూనె ఏర్పాటు లోపల ఉండదు. పైగా ఆ ఫోర్కు ఒక్కటే రెండున్నర కిలోల దాకా తూగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నిలబడి తొక్కి చూడండి, మీ బలంలో కొంత స్ప్రింగు నొక్కడానికే పోతుంది. రోజూ తారురోడ్డు మీద ఎనిమిది పది కిలోమీటర్లు పోయే మనిషికి స్ప్రింగు లేని ఫోర్కు, లావు టైర్లు ఉన్న సైకిలు నయం. స్ప్రింగు కావాలనుకుంటే, కదలకుండా బిగించే లాకౌట్ మీట ఉన్నది చూడండి. ఆదివారం అనంతగిరి కొండల్లో అడవి దారులు తొక్కాలన్న సరదా ఉంటే మాత్రం మంచి ఫోర్కుకు డబ్బు పెట్టాల్సిందే, అప్పుడు బడ్జెట్ ముప్పై వేలు దాటుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాకు కోసమే అయితే మౌంటెన్ బైకు అక్కర్లేదు. అంత నున్నటి దారిలో సన్నటి టైర్ల హైబ్రిడ్ సైకిలే హాయి.

ఊరిని బట్టి గేర్ల లెక్క కూడా మారుతుంది. విజయవాడలో కాలవగట్టు వెంట చదునుగా పోయేవాళ్లకు వెనక ఏడు గేర్లు చాలు. విశాఖలో రుషికొండ ఐటీ హిల్స్‌కు ఎక్కేవాళ్లకు కావలసింది గేర్ల సంఖ్య కాదు, బాగా తేలికైన ఒక గేరు. అంటే వెనక పెద్ద పళ్లచక్రం, ముందు చిన్నది. 21 గేర్లని స్టిక్కరు మీద పెద్దగా రాస్తారు. అది ముందు మూడు, వెనక ఏడు గుణించిన లెక్క. అందులో చాలా గేర్లు ఒకదానికొకటి దగ్గరగా పడతాయి, రోజువారీ వాడుకలోకి వచ్చేవి పదికి మించవు. విశాఖ వాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అక్కడ అల్యూమినియం ఫ్రేము తీసుకోవడం, చైను తుడిచి నూనె వేసే అలవాటు పెట్టుకోవడం మంచిది.

జనం ఎక్కువగా పొరపడేది సైజు దగ్గర. "నేను పొడుగు, 29 తీసుకుంటాను" అంటారు. 26, 27.5, 29 అన్నవి చక్రం సైజులు. మీ ఒంటికి కుదరాల్సింది ఫ్రేము. అది 16, 18, 20 అంగుళాలనో, ఎస్, ఎమ్, ఎల్ అనో ఉంటుంది. ఒకే 29 చక్రాల సైకిలు మూడు ఫ్రేము సైజుల్లో రావచ్చు. చవక మోడళ్లకు ఒక్క సైజే ఉంటుంది. అది మీకు సరిపోతే అదృష్టం, లేకపోతే ఏడాది పాటు నడుంనొప్పి. కొలవడం కష్టమేం కాదు. సైకిలుకు అటొక కాలు, ఇటొక కాలు వేసి ఫ్రేము పైగొట్టం మీదుగా నిలబడండి. గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండంగుళాల జాగా ఉండాలి. తర్వాత సీటెక్కి, పెడలు అడుగుకు వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా సాగాలి. అది సీటు ఎత్తు. ఆఫీసు బూట్లు వేసుకుని, ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని ఈ పరీక్ష చేయండి, రోజూ తొక్కబోయేది అలాగే కదా.

విడిభాగాల్లో రెండింటి మీదే నా పట్టుదల. ఒకటి బ్రేకు. తీగతో పనిచేసే డిస్కు బ్రేకైనా ఫర్వాలేదు, గల్లీ మెకానిక్ కూడా సరిచేయగలడు. వర్షంలో మంచి పట్టు, వేలితో నొక్కితే ఆగే సుఖం కావాలంటే హైడ్రాలిక్ తీసుకోండి, కాకపోతే దాంట్లో గాలి తీసి నూనె నింపడం తెలిసిన మనిషి మీకు అందుబాటులో ఉండాలి. రెండోది వెనక హబ్బు. చవక సైకిళ్లలో గేరుచక్రాలు హబ్బుకు మరతో బిగించే ఫ్రీవీల్ రకంగా వస్తాయి. అందులో కుడిపక్క బేరింగు లోపలికి జరిగి ఉంటుంది, ఇరుసు చివర ఆధారం లేకుండా మిగులుతుంది. బరువైన మనిషి గుంతల్లో తొక్కితే ఆ ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. క్యాసెట్ రకం హబ్బులో బేరింగు చివరిదాకా ఉంటుంది కనుక ఆ బెడద తక్కువ. మీరు ఎనభై కిలోలు దాటితే, లేదా క్యారియరు మీద బరువు వేసుకుని డెలివరీ పనికి తిరిగేవాళ్లయితే, ఇంకో రెండు మూడు వేలు ఎక్కువైనా క్యాసెట్ ఉన్నదే అడగండి. అమ్మేవాళ్లు ఈ తేడా తమంతట తాము చెప్పరు.

ఇక ఎక్కడ కొనాలి? కోఠి ఈసామియా బజార్‌లో సైకిలు షాపులు వరసగా ఉంటాయి. నాలుగు షాపులు తిరిగితే ధర తెలిసిపోతుంది. డెకాథ్లాన్ లాంటి పెద్ద దుకాణంలో బేరం ఉండదు కానీ, లోపలే తొక్కి చూడనిస్తారు, రాక్‌రైడర్ పేరుతో వాళ్ల సొంత మౌంటెన్ బైకులుంటాయి. ఏ షాపుకైనా ఆదివారం సాయంత్రం వెళ్లకండి. పండగ ముందూ వెళ్లకండి. మెకానిక్ మీద నాలుగు సైకిళ్ల ఒత్తిడి ఉన్నప్పుడు మీ బండి ఫిట్టింగు పావుగంటలో అయిపోతుంది. ఒక పూట సెలవు పెట్టయినా సరే, వారం మధ్యలో పొద్దున్నే షాపు తెరిచే వేళకు వెళ్లండి. బేరం ఆడేటప్పుడు ధర మీద ఐదొందలు తగ్గించమనేకంటే, నెల తర్వాత ఒక సర్వీసు ఉచితంగా చేయమని, ముళ్ల టైర్లు తీసి రోడ్డుకు పనికొచ్చే నున్నటి టైర్లు వేయమని అడగండి. కొత్త సైకిలు మీద మార్చడం వాళ్లకు తేలిక, మీకు లాభం. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పక్కా బిల్లు తీసుకుని, ఆ శాతం చూసుకుని, పెడళ్ల ఇరుసు కింద చెక్కిన ఫ్రేము నంబరు బిల్లు మీద రాయించుకోండి. పోయిన సైకిలు దొరికితే అది మీదేనని చూపించడానికి ఉండే సాక్ష్యం ఆ నంబరే.

ఆన్‌లైన్‌ను నేను తీసిపారేయను. పార్వతీపురంలోనో మదనపల్లెలోనో ఉన్నవాళ్లకు ఫోనులో ఉన్నన్ని మోడళ్లు దగ్గర్లోని షాపుల్లో ఉండవు. కానీ వచ్చేది పూర్తి సైకిలు కాదు. 85 శాతం బిగించి పంపుతామని రాస్తారు. హ్యాండిల్, ముందు చక్రం, పెడళ్లు, సీటు మనం బిగించుకోవాలి. అంటే ప్రాణం ఆధారపడే భాగాల్లో చాలావరకు ఆ మిగిలిన 15 శాతంలోనే ఉన్నాయి. ఆర్డరు పెట్టకముందే మీ ఊళ్లో గేరు సైకిళ్లు బాగుచేసే మెకానిక్‌ను వెతకండి, "ఆన్‌లైన్ సైకిలు తెస్తాను, ఫిట్ చేసి పెడతావా అన్నా" అని అడగండి. ఆ కూలిని సైకిలు ధరలో కలిపాక షాపు ధరతో పోల్చండి. తేడా వెయ్యి లోపే అయితే షాపులో కొనండి.

పెట్టె వచ్చాక విప్పడం మొదలు నుంచి చివరిదాకా వీడియో తీయండి. ఫ్రేము సొట్ట, వంగిన డిస్కు అప్పుడే కనిపిస్తాయి. ఈ-కామర్స్ మీద 2020లో వచ్చిన నియమాల ప్రకారం పాడైన వస్తువు గానీ, ప్రకటించినదానికి భిన్నమైనది గానీ వస్తే అమ్మకందారు వెనక్కి తీసుకోననడానికి వీల్లేదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే, మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసే హక్కును 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది.

ఇప్పుడు ఆ గంట. మెకానిక్ పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. ఫోర్కు దిక్కు మొదట చూడండి. హైడ్రాలిక్ బ్రేకైతే ముందు చక్రం ఎక్కించేలోపు లీవరు నొక్కవద్దు. నొక్కితే లోపలి ప్యాడ్లు దగ్గరకు మూసుకుపోతాయి. వాటి మధ్య ఉంచిన ప్లాస్టిక్ ముక్క ఆఖరి క్షణంలోనే తీయాలి. ఎడమ పెడలుకు మర ఎదురు దిశలో ఉంటుంది. పెడలు ఇరుసు మీద ఎల్, ఆర్ అని అక్షరాలుంటాయి. మొదటి రెండు చుట్లు వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే అక్కడే ఆపమనండి. పానా పట్టి బలవంతంగా తిప్పితే పెడలు కర్ర (క్రాంకు) మర చెడిపోతుంది, అక్కడితో ఆ కర్రే మార్చాలి. పెట్టెలోంచి తీసిన ఇలాంటి కర్ర ఒకటి నా చేతిలోకి తీసుకుని చూశాను. అల్యూమినియం మర పళ్లు సన్నటి తీగలా చుట్టుకుని బయటికి ఊడొచ్చాయి. కొత్త సైకిలు, ఒక్క కిలోమీటరైనా తిరగలేదు.

బిగించాక చక్రం లేపి తిప్పండి, రిమ్ము అటూ ఇటూ ఊగకూడదు. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కూ కుదపండి. హ్యాండిల్ మెడ దగ్గర టకటకమంటే అది వదులు. పెడలు కర్రను పక్కలకు లాగండి, ఆడకూడదు. అన్ని గేర్లూ వేసి చూడండి, చైను ఎక్కడా పుల్లల మీదకు దూకకూడదు. చివరగా వాల్వు చూడండి. మోటారు సైకిలుకు ఉండే రకమైతే పెట్రోలు బంకులో గాలి కొట్టించుకోవచ్చు. టైరు పక్కన రాసిన గరిష్ఠ పీఎస్ఐ దాటనివ్వకండి. తారురోడ్డుకు సాధారణంగా 40 నుంచి 50 సరిపోతుంది.

చేతిలో ఉన్న డబ్బంతా సైకిలుకే పోనివ్వకండి. 15 వేలు దాచుకుంటే 12 వేల సైకిలు చూడండి. హెల్మెటు, ముందూ వెనకా లైట్లు, గట్టి తాళం, మడ్‌గార్డులు, చిన్న పంపు ఆ మిగిలిన మూడు వేలలో రావాలి. మడ్‌గార్డు లేకుండా జులైలో ఆఫీసుకు వెళితే చొక్కా వెన్నంతా బురద గీత పడుతుంది. మౌంటెన్ బైకులకు అది సాధారణంగా సైకిలుతో పాటు రాదు.

నెల తిరిగేసరికి, లేదా వంద కిలోమీటర్లయ్యాక, గేర్లు సరిగ్గా పడనట్టు అనిపిస్తుంది. బ్రేకు లీవరు కాస్త లోతుకు పోతుంది. తీగలు కొద్దిగా సాగుతాయి, పుల్లలు సర్దుకుంటాయి. కంగారు పడకండి, మెకానిక్ దగ్గరికి వెళ్లి తీగలు బిగించి, రిమ్ము చూసి, నట్లన్నీ మరోసారి పట్టిచూడమనండి. షాపులో కొన్నవాళ్లకు ఇది బేరంలో అడిగిన ఉచిత సర్వీసు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు ముందే మాట్లాడుకున్న ఆ అన్న దగ్గరికే వెళ్లాలి.