ఎల్లలు మారినప్పుడు సంఘము

చదువవలసిన భాగములు: 1 పేతురు 1:1-2, అపొ. కార్యములు 2:5-11, ఎఫెసీ 2:14-19



మన ఆలేరు 1948 సెప్టెంబరు వరకు నిజాము పాలనలో ఉండెను. 1956లో ఆంధ్రప్రదేశ్‌లోను, 2014లో తెలంగాణ రాష్ట్రములోను చేరెను. 2016 అక్టోబరు 11న నల్లగొండ జిల్లానుండి వేరై యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరెను. ఊరు కదలలేదు, పొలములు కదలలేదు. కచ్చేరి మాత్రము మారెను. ఇట్టి మార్పు పూర్వపు సంఘములకును కలిగినది.

పేతురు తన మొదటి పత్రికను వ్రాసిన అయిదు ప్రాంతములలో కప్పదొకియ ఒకటి. అది నేటి టర్కీ దేశములో ఉన్నది. పెంతెకొస్తు దినమున యెరూషలేములో అక్కడివారును ఉండిరి. మొదట అది ఒక రాజ్యము. క్రీ.శ. 17లో దాని రాజు మరణింపగా, తిబెరి కైసరు దానిని రోమా రాష్ట్రముగా చేసెను. తూర్పున యూఫ్రటీసు నది దాని సరిహద్దు, ఆవల అర్మేనియా. వెస్పాసియను కాలములో దానిని గలతీయతో కలిపి, నదీతీర ప్రాంతమందు సైన్యము నుంచిరి. ట్రాజను కాలములో మరల విడదీసిరి.

తరువాత సుమారు 372లో వాలెన్సు చక్రవర్తి కప్పదొకియను రెండుగా చీల్చెను. కైసరియ ఒక భాగమునకు, త్యాన రెండవదానికి ముఖ్యపట్టణము లాయెను. త్యాన బిషప్పు ఆంథిముసు, రాష్ట్రము చీలినది గనుక ఆ వైపు సంఘములు తనవే అనెను. కైసరియ బిషప్పు బాసిలు ఒప్పుకొనలేదు. కొండ ప్రాంతమునుండి కైసరియకు వచ్చు రాబడి దారిలోనే అడ్డగింపబడెను. బాసిలు తన పక్షము బలపరచుకొనుటకై, చదువుకున్ననాటి మిత్రుడగు గ్రెగొరీని ససిమ అను చిన్న ఊరికి బిషప్పుగా నియమించెను. అది ఆ తగవు నడుమనున్న త్రోవల కూడలి. మిత్రుడు తన్ను పావుగా వాడుకొనెనని గ్రెగొరీ మనసు నొచ్చెను. బాసిలు మరణించిన తరువాత గ్రెగొరీ చేసిన స్మారక ప్రసంగములో గొప్ప మెప్పుతోపాటు ఆ నొప్పియు కనబడుచున్నది.

ఈ బాసిలు సామాన్యుడు కాడు. కైసరియ వెలుపల బీదలకును రోగులకును ఆశ్రయము కట్టించినవాడు. అట్టి భక్తుడును ఎల్లల తగవులో స్నేహితుని నొప్పించెను. మనము ఎంత జాగ్రత్తగా ఉండవలెను!

ప్రభుత్వమునకు ఎల్లలు అవసరమే. శిస్తుకు, రికార్డులకు, న్యాయమునకు అవి కావలెను, వాటికి లోబడుదము. అయితే "ఈ కుటుంబము మా హద్దులోనిది, ఆ కానుక మా పాస్టరేటుది" అని సంఘములో గీత గీయునప్పుడు, గీతకు ఆవల నిలిచిపోవునది మన సహోదరుడే. పేతురు ఆ విశ్వాసులను యాత్రికులని పిలిచెను. వారిని ఏర్పరచుకొన్నవాడు దేవుడు. ఏ కైసరును వారి పేర్లు ఆ జాబితానుండి మార్చలేడు.

ఆలోచించుడి:
1. హద్దుల విషయమై మనము మాటలాడుట మానిన సహోదరుడు ఎవడైన ఉన్నాడా?
2. ఈ నెలలో మొదట ఎవరు ఎవరి యింటికి వెళ్లవలెను?

ప్రార్థన: ప్రభువా, మధ్యగోడను పడగొట్టినవాడవు నీవే. మేము దానిని తిరిగి కట్టకుండ కాపాడుము. ఆమేన్.