బిందె ఎత్తొద్దు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో గుండె జబ్బు వస్తే విజయవాడకో, హైదరాబాదుకో పోతారు. రెండు ఊళ్ళూ ఆ నగరాల్ని కలిపే రోడ్డు మీదే ఉన్నాయి. ఒకప్పుడు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవాల్సిందే. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. పేదవాళ్ళకూ ఆపరేషన్ అందింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం పేరు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ.

ఆపరేషన్ ఆసుపత్రిలో అవుతుంది. కొద్ది రోజులకు ఇంటికి పంపుతారు. ఆ తర్వాత కోలుకోవడం ఇంట్లోనే. ఇంటి దగ్గర ఏం చెయ్యాలి? చదువుదాం.

లోపల ఏం చేస్తారు?

రొమ్ము మధ్య ఎముకను నిలువునా కోస్తారు. ఆపరేషన్ జరిగేంతసేపు గుండె పని, ఊపిరితిత్తుల పని ఒక యంత్రం చేస్తుంది. ఆ యంత్రంతో మొదటిసారి ఆపరేషన్ ఫలించింది 1953లో, అమెరికాలో. చేసింది డాక్టర్ గిబ్బన్. బతికి బయటపడింది 18 ఏళ్ళ ఆడపిల్ల.

పని అయ్యాక ఎముకను సన్నని తీగలతో కట్టేస్తారు. పై గాయం కొన్ని వారాల్లో మానుతుంది. లోపలి ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. చెయ్యి విరిగితే కదలకుండా కట్టు కడతారు. రొమ్ముకు అలా కట్టలేరు. ఊపిరి ఆడాలి కదా! అందుకే బరువులు ఎత్తొద్దంటారు.

"ఇంకా కూర్చునే ఉందేం?"

ఒక ఇంటి సంగతి చూద్దాం. కోడలికి గుండెలో వాల్వు మార్చారు. వాల్వులంటే గుండెలో రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపులు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిన కొందరికి ఇవి చెడిపోతాయి.

ఇంటికొచ్చి నెలయింది. మిరప కోతల రోజులు. పక్కింటావిడ వచ్చింది.

"నెల దాటింది. పిల్ల ఇంకా కూర్చునే ఉందేం?" అంది.

కోడలికి చిన్నతనం అనిపించింది. లేచి నీళ్ళ బిందె పట్టుకుంది. అత్త చూసింది.

"ఎత్తబాకమ్మాయ్! నిండు బిందె పది కిలోలు దాటుద్ది. నర్సమ్మ చెప్పింది రాసుకొచ్చావుగా, అది చదువు" అంది.

కోడలు నోటుబుక్కు తీసింది. కూడబలుక్కుని చదివింది. "మూడు నెలలు బరువులు ఎత్తొద్దు."

పక్కింటావిడ ఇంకేం అనలేదు. బిందె తనే తీసుకుంది. మర్నాటి నుంచి నీళ్ళు కొడుకు తెచ్చాడు.

ఎట్లా మెలగాలి?

బిందె, బియ్యం మూట, చంటిపిల్ల, ఏదీ ఎత్తొద్దు. బోరింగు కొట్టొద్దు. చేతులు ఆనించి లేవొద్దు. పక్కకు తిరిగి, కాళ్ళు దించి మెల్లగా లేవాలి. దగ్గొస్తే చిన్న దిండు రొమ్ముకు హత్తుకోవాలి.

అలాగని మంచం పట్టి ఉండకూడదు. రోజూ నడవాలి. మొదట ఐదు నిమిషాలు చాలు. తర్వాత కొంచెం కొంచెం పెంచాలి. ఆయాసం వస్తే ఆగాలి. ఆవకాయ, ఉప్పుచేప తగ్గించాలి. ఉప్పు ఒంట్లో నీరు చేరుస్తుంది.

కొందరికి దిగులు పుడుతుంది. ఊరికే ఏడుపొస్తుంది. ఇది చాలామందికి ఉండేదే. మనసు విప్పి మాట్లాడే మనిషి పక్కన ఉండాలి. దిగులు తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి.

మాత్ర మానొద్దు

లోహపు వాల్వు వేసినవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా మాత్ర జీవితాంతం వేసుకోవాలి. మానేస్తే వాల్వు దగ్గర రక్తం గడ్డకడుతుంది. పక్షవాతం రావచ్చు. మోతాదు ఎక్కువైతే చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం వస్తుంది. బహిష్టులో రక్తం ఎక్కువ పోతుంది. అందుకే చెప్పిన తేదీకి రక్త పరీక్ష చేయించాలి.

డాక్టరును అడగకుండా నొప్పుల మాత్రలు కొని వేసుకోవద్దు. బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే డాక్టరుకు చెప్పాలి. ఈ మాత్ర కడుపులో బిడ్డకు హాని చెయ్యొచ్చు.

మాత్ర వేసుకోగానే కేలండరులో ఆ తేదీ మీద గీత పెట్టాలి. అప్పుడు మరిచిపోరు. రెండుసార్లు వేసుకోరు.

ఆలస్యం చెయ్యొద్దు

జ్వరం వచ్చినా, గాయం చీము పట్టినా, ఎముక టక్కుమని కదిలినా, కాళ్ళు వాచినా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. గుండెలో నొప్పి, ఊపిరి ఆడకపోవడం, మూతి వంకర పోవడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

చర్చించండి

1. గాయం మానినా బరువు ఎందుకు ఎత్తొద్దు?
2. కోడలు నోటుబుక్కులో రాసుకోకపోతే ఏమయ్యేది?
3. మీ ఇంట్లో ఆడమనిషికి ఆపరేషన్ అయితే నీళ్ళు ఎవరు తేవాలి? వంట ఎవరు చెయ్యాలి? పేర్లు రాయండి.