బిందె మీది ఇంటిపేరు

గుడియాత్తం

చిరంజీవి మురళికి తాత ఆశీస్సులు.

నీ ఉత్తరం అవ్వ రెండుసార్లు చదివించుకునింది. పాస్‌పోర్టు ఫారంలో సర్‌నేమ్ గడిలో మీ నాన్న పేరు రాసేస్తానన్నావు. ‘కాలవ’ అని రాస్తే ఆఫీసులో నవ్వుతారన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు నాయనా. మూడక్షరాలే కదరా, రాయి.

ఈ తమిళం పక్క అందరికీ తండ్రి పేరే ఇనిషియల్, తెలుసు. నన్ను బళ్లో వేసేటప్పుడు మా నాయన మగ్గం గుంటలోంచి లేచి, గంజి చేతుల్తోనే వచ్చి ‘కాలవ’ అని చెప్పినాడు. అయ్యవారు ‘కె’ ఒక్కటే రాసుకున్నారు. నాయన పేరు కృష్ణయ్య. ఆ ‘కె’ ఎవరిదని మళ్లీ ఎవరూ అడగలేదు. మీ నాన్న సర్టిఫికెట్లలో అదీ లేదు. తప్పు నాదే, అప్పుడే పట్టుబట్టి ఉండాల్సింది.

నవ్వేవాళ్లకు నెహ్రూగారి ఇంటిపేరు చెప్పు. వాళ్లు కాశ్మీరు పండితులు, అసలు కౌల్ వాళ్లు. 1716 ప్రాంతంలో రాజ్ కౌల్ ఢిల్లీకి వచ్చి కాలవ గట్టున కాపురం పెట్టినాడు. నహర్ అంటే కాలవే. కౌల్-నెహ్రూ అని పిలిచీ పిలిచీ, కడకు కౌల్ రాలిపోయి నెహ్రూ నిలిచిందని ఆయనే ఆత్మకథలో రాసుకున్నారు. మనవాళ్లదీ చెరువు కింద కాలవ గట్టే. అందుకే కాలవోళ్లమయినాం. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయితే మనం ఇవతల ఉండిపోయినాం, అంతే.

నెహ్రూగారి జీవితచరిత్ర మూడు సంపుటాలు రాసిన గోపాల్‌గారి ఇంటిపేరు సర్వేపల్లి, నెల్లూరు జిల్లాలో ఊరు. ఆయన తండ్రి రాధాకృష్ణన్‌గారు పుట్టింది తిరుత్తణిలో, చదివింది నువ్వు రోజూ దాటిపోయే వేలూరు ఊరీస్ కాలేజీలో. అయినా సర్వేపల్లి అన్న ఊరి పేరు ఆయన్ని రాష్ట్రపతి భవన్ దాకా విడవలేదు.

దగ్గు తగ్గిందా? హోటల్ నీళ్లు తాగొద్దు.

నిన్న అటక మీంచి మా అమ్మ ఇత్తడి బిందె దించినాను. మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. చింతపండుతో తోమీ తోమీ ‘కా’ అరిగిపోయింది. ‘లవ’ అని మాత్రం వేలికి తగులుతోంది. అవ్వ దాన్ని నీకే ఉంచింది. ఆదివారం వచ్చెయ్. ఫారం కూడా తీసుకురా, ఇక్కడే కూర్చుని రాద్దాం.

మీ తాత