నిలుపు చోటు కొరకు జగడము

పాఠ్యభాగము: ఆదికాండము 26:12–33



ఈ నెల పాఠమునకు ఇస్సాకు త్రవ్వించిన బావుల సంగతిని తీసికొనుచున్నాము. ఈ అధ్యాయమును హాలహర్వి ప్రాంతపు వారికి ఎక్కువగా వివరింప నక్కరలేదు. త్రవ్వుచున్న బావిలో బండ తగిలిన యెడల ఆ యింటివారి గతి యేమగునో, కాలువ చివరనున్న పొలమువాడు తన వంతు నీటి కొరకు ఎన్ని రాత్రులు మేలుకొనియుండవలెనో మీరెరుగుదురు. అయితే ఈ పర్యాయము నీళ్ల జగడమును గూర్చి గాక, మన జనుల మధ్యకు క్రొత్తగా వచ్చిన వేరొక జగడమును మనస్సులో ఉంచుకొని ఈ భాగమును చదువవలెనని కోరుచున్నాము. అది సూపర్ మార్కెట్ల యెదుట బండ్లు నిలుపు చోటును గూర్చిన జగడము.

ఇది పట్టణపు వారి సంగతి, మనకేమి అని కొందరనవచ్చును. అట్లనుటకు వీలులేదు. పండుగ బట్టలకును పెండ్లి సరకులకును బళ్లారికో ఆదోనికో పోవువారు మునుపు బస్సెక్కి పోయిరి. ఇప్పుడు మోటారు సైకిళ్ల మీదను, నలుగురు కలిసి బాడుగకు మాటలాడుకొన్న కార్లలోను పోవుచున్నారు. ఇదియునుగాక, వానలు లేని సంవత్సరములలో బెంగుళూరునకు వలసపోయిన మన పిల్లలలో కొందరు అక్కడ కార్లు నడుపుచున్నారు. కొందరు పెద్ద దుకాణముల ముంగిట ఈల పట్టుకొని, ఎండలో నిలువబడి, ఆ కార్లకు దారి చూపుచున్నారు. కారులో చల్లగా కూర్చున్నవాడు చోటు దొరకలేదని తిట్టునప్పుడు, ఆ తిట్లు పడువాడు మన ఆదివారపు బడిలో చదివిన పిల్లవాడై యుండవచ్చును.

ఈ జగడములు ఎట్లు పుట్టునో మేము దసరాకు ముందు ఒక పట్టణములో కొంతసేపు నిలిచి చూచితిమి. ఒకడు కారును వెనుకకు మళ్లించి ఖాళీ చోటులో పెట్టబోవుచుండగా, వెనుకనున్న మరియొకడు ముందుగా దానిలో దూరెను. ఇద్దరును దిగిరి. ఇద్దరి భార్యలును దిగిరి. వారి వెనుక వీధి వరకు బండ్లు నిలిచిపోయెను. ఇంకొక కుటుంబమువారు తమ కారు చుట్టు తిరిగి వచ్చులోపల చోటు పోకుండ ఏడెనిమిది ఏండ్ల బాలుని దింపి ఆ గీతల మధ్య నిలువబెట్టిరి. ఎదుట వచ్చు కారువాడు హారను మ్రోగించుచు ముందుకు జరుగుచుండగా ఆ బిడ్డ తల్లి వైపు చూచుచు అక్కడనే నిలిచియుండెను. ఒక కారు నిలుచుటకు గీయు గీతల మధ్య చోటు సాధారణముగా 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. ఇంతపాటి నేలను, అదియు తమ సొంతము కానిదానిని, ఒక గంటసేపు పట్టుకొనుటకు బిడ్డను ఎదురు పెట్టినవారిని చూచి మిక్కిలి ఆశ్చర్యపడితిమి.

ఇప్పుడు వాక్యభాగమునకు వత్తము. ఇస్సాకు గెరారు దేశములో విత్తి నూరంతలు ఫలము పొందెను. ఫిలిష్తీయులు అతనియందు అసూయపడి, అతని తండ్రి కాలమందు త్రవ్వబడిన బావులన్నిటిని మన్నుపోసి పూడ్చిరి (15వ వచనము). ఇక్కడ ఒక్క క్షణము ఆగుడి. వారు ఆ బావులను తమ మందలకు ఉపయోగించుకొనలేదు. తాము త్రాగలేదు, ఇతరులను త్రాగనీయలేదు. రెండు కార్లు పట్టు చోటులో ఒకే కారును అడ్డముగా నిలిపి పోవువారిని చూచినప్పుడెల్ల మాకు ఈ వచనమే జ్ఞాపకమునకు వచ్చుచుండును.

తరువాత ఇస్సాకు గెరారు లోయకు పోయి, అక్కడ తన పనివారిచేత త్రవ్వించగా జెలలుగల బావి పడెను. గెరారు కాపరులు వచ్చి నీరు తమదే అని పోట్లాడిరి. అతడు దానికి ఏశెకు, అనగా జగడము, అని పేరు పెట్టెను. మరియొక బావి త్రవ్వించెను, దానికొరకును పోట్లాడిరి. దానికి శిత్నా అని పేరు పెట్టెను. ఈ మాటకు విరోధమని అర్థము. సాతాను అను మాటయు ఈ హెబ్రీ ధాతువునుండి వచ్చినదే. అతడు అక్కడనుండి సాగిపోయి మూడవది త్రవ్వించెను. దాని కొరకు ఎవరును జగడమాడలేదు గనుక రహెబోతు, అనగా ఎడము, అని పేరు పెట్టెను.

ఈ కథలో న్యాయము ఎవరి పక్షమున ఉన్నది? ఇస్సాకు పక్షముననే. శ్రమపడి త్రవ్వినవారు అతని పనివారు. బలము ఎవరిది? అదియు అతనిదే, మాకంటె నీవు బలవంతుడవైతివి గనుక వెళ్లిపొమ్మని రాజైన అబీమెలెకే అతనితో చెప్పెను (16వ వచనము). ఇస్సాకు పిరికివాడు గనుక విడిచిపెట్టెనని కొందరు బోధింతురు, మేము ఒప్పుకొనము. హక్కును బలమును రెండును గలవాడు విడిచిపెట్టుటయే ఈ భాగములోని విశేషము. పోట్లాడినవారు కాపరులు, పనివారు. యజమానుడు ఒక్క మాట అనినయెడల వారు కఱ్ఱలు పట్టుకొని దిగియుందురు. ఆ మాట అతడు అనలేదు.

ఇంకొక సంగతియు గమనింపుడి. అతడు విడిచిపెట్టెను గాని, జరిగినది జరుగనట్టు నటింపలేదు. జగడమును జగడమనియే, విరోధమును విరోధమనియే పిలిచెను. తప్పును ఒప్పని చెప్పుట సమాధానము కాదు.

మనుష్యుడు తనకు అక్కరలేని చోటును సహితము ఎందుకు పట్టుకొని వ్రేలాడును? ఈ విషయమై అమెరికాలో బారీ రూబాక్, డానియేల్ జుయెంగ్ అనువారు అట్లాంటా ప్రాంతములోని ఒక పెద్ద బజారు ఎదుట పరిశీలన చేసి 1997లో ప్రకటించిరి. వస్తువులు కొనుక్కొని వెళ్లిపోవుటకు కారెక్కినవాడు, ఎవరును కనిపెట్టుకొని యుండనప్పుడు సుమారు 32 సెకండ్లలో చోటు ఖాళీ చేసెను. తన చోటు కొరకు మరియొక కారు వేచియున్నప్పుడో, 39 సెకండ్లు పట్టెను. వేచియున్నవాడు హారను మ్రోగించినప్పుడు సుమారు 43 సెకండ్లు పట్టెను. చూడుడి, వాడు వెళ్లిపోవువాడే. ఆ చోటుతో వానికి ఇక పనిలేదు. అయినను వేరొకడు దానిని కోరుచున్నాడని తెలిసిన క్షణమున అది వానికి ప్రియమాయెను. తొందరపెట్టిన కొలది ఇంకను ప్రియమాయెను. హారను మ్రోగించినవాడు తన వేళనే పోగొట్టుకొనెను. ఆ పరిశీలనలోనే మరియొక సంగతి తేలినది: వేచియున్నది ఖరీదైన కారైనప్పుడు పురుషులు త్వరగా చోటిచ్చిరి. యాకోబు పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి స్థలమును, దరిద్రునికి పాదపీఠము దగ్గర చోటును చూపినవారిని గూర్చి చదువుచున్నాము. వారు ఇప్పుడు కార్లెక్కియున్నారు, అంతే.

హక్కు మన పక్షమున ఉన్నంతమాత్రమున మన క్రియయంతయు న్యాయమగునని తలంచువారు క్లియర్‌వాటరు అను ఊరిలో జరిగినదానిని ఆలోచింపవలెను. అది ఫ్లోరిడా రాష్ట్రములోనిది. 2018 జూలై నెలలో అక్కడ ఒక చిన్న దుకాణము ముంగిట, వికలాంగులకు ఏర్పరచిన చోటులో, తగిన చీటి లేని కారు నిలిచియుండెను. ఒకడు వచ్చి, కారులో పిల్లలతో కూర్చున్న స్త్రీతో ఇది మీరు నిలుపు చోటు కాదని వాదమునకు దిగెను. ఆమె మనిషి దుకాణములోనుండి వచ్చి వానిని త్రోసివేసెను. క్రిందపడినవాడు తుపాకి తీసి కాల్చెను. ఆ తండ్రి తన అయిదేండ్ల కుమారుడున్న దుకాణములోనికి తిరిగిపోయి అక్కడ పడిపోయి మరణించెను. 2019లో న్యాయస్థానము కాల్చినవానికి 20 సంవత్సరముల చెర విధించెను. చోటు విషయములో వాడు చెప్పినది సరియే. ఆ కారు అక్కడ నిలుపవలసినది కాదు. ఆ సరియైన మాట తుదకు ఒక మనుష్యుని ప్రాణమును బలిగొనెను. ఇట్టివి పరదేశముననే జరుగునని అనుకొనకుడి. 2025 ఆగస్టులో మన ఢిల్లీ నగరమున నిజాముద్దీను ప్రాంతములో, ఇంటి గుమ్మమునకు అడ్డముగా స్కూటరు నిలిపిన తగవులో ఒకడు పొడువబడి చనిపోయెను.

అయితే పాస్టరుగారు అన్నిటిని విడిచిపెట్టుడని చెప్పుచున్నారా అని మీరడుగుదురు. లేదు. మనది మనము విడువవచ్చును. బలహీనునిది విడుచుటకు మనకు అధికారము లేదు. వికలాంగుల చోటు ద్వారమునకు 30 మీటర్ల లోపల, 3.6 మీటర్ల వెడల్పు ఉండవలెనని మన దేశపు కట్టడముల నియమములలో ఉన్నది. అంత వెడల్పు ఎందుకు? కారు తలుపు పూర్తిగా తెరచి, చక్రముల కుర్చీని ప్రక్కకు తెచ్చి, మనిషిని దానిలోనికి దించుటకు. ‘రెండు నిమిషములే గదా’ అని అక్కడ బండి పెట్టువాడు ఆ రెండు నిమిషములు ఒకనిని కారులోనే బంధించుచున్నాడు. మన సంఘములో కాళ్లు లేనివారున్నారు, పక్షవాతపువారున్నారు. అట్టిచోట మన బండిని నిలుపకుండుట మొదటి పని. ఇతరుడు నిలిపిన యెడల కావలివానికి నెమ్మదిగా తెలియజేయుట రెండవది. అంతకు మించి వీరత్వము చూపనక్కరలేదు.

రుసుము విషయములోను తగవులు కలుగుచున్నవి గనుక ఒక మాట. పట్టణములలోని పెద్ద బజారులలో బండి నిలుపు రుసుమును గూర్చి తెలంగాణ ప్రభుత్వము 2018లో ఉత్తరువిచ్చెను. మొదటి 30 నిమిషములకు ఏమియు తీసికొనరాదు. గంటలోపల ఏ వస్తువు కొన్న చీటి చూపినను రుసుము లేదు. గంట దాటినయెడల చీటి మొత్తము రుసుముకంటె ఎక్కువగా ఉండవలెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును 2025 ఏప్రిల్ 1 నుండి ఇట్టి యేర్పాటునే చేసెను. చీటి పారవేయక దగ్గర ఉంచుకొనుడి. గేటు దగ్గర కూర్చున్నవాడు జీతగాడు. ధర నిర్ణయించినవాడు అతడు కాడు. వానితో కేకలు వేయుటవలన ప్రయోజనము లేదు. చీటి చూపినను అడిగినయెడల రసీదు తీసికొని, పైవారికి వ్రాసి తెలుపవచ్చును.

ఇక దూరపు సంగతి. ద్వారము దగ్గర చోటు కొరకు చుట్లు తిరుగువాడు త్వరగా లోపలికి పోవునా? అమెరికాలో ఆండ్రూ వెల్కీ అను ఆచార్యుడు ఒక పెద్ద దుకాణపు ఆవరణములో దీనిని గమనించెను. మంచి చోటు కొరకు చుట్లు తిరిగినవారు, ఒక వరుసలోనికి పోయి దొరికిన ఖాళీలో నిలిపినవారికంటె ఎక్కువసేపు తిరిగిరి. అయినను సగటున ద్వారమునకు ఏమాత్రమును దగ్గరగా నిలుపలేదు. ఇస్సాకు రెండు బావులు పోయినను చేతులు కట్టుకొని కూర్చుండలేదు. ముందుకు నడిచి మరల త్రవ్వించెను. మన తల్లులు రెండు బిందెలు మోసికొని మైలు దూరము నడిచినవారు. వారి బిడ్డలమైన మనకు ఏబది అడుగులు నడచుట అవమానముగా తోచుచున్నది!

ఆదోని మార్కెట్టు యార్డులో ఎద్దుల బండ్ల కాలమును పెద్దలు ఇప్పటికిని జ్ఞాపకము చేసికొందురు. పత్తి గాని, వేరుశెనగ గాని తోలుకొని పోయినవారు చోటు కొరకు పోట్లాడని దినములున్నవని మేము చెప్పము. అయితే బండి దిగవలెను, ఎద్దులను విప్పవలెను, ప్రక్క బండివానిని గడ్డి అడుగవలెను, రాత్రి వాని ప్రక్కననే పండుకొనవలెను. జగడమాడినవాని ముఖమునే తెల్లవారగానే చూడవలెను. కారులోనివాడు అద్దము ఎత్తుకొని యున్నాడు. అతనికి ఎదుట కనబడునది మనిషి కాదు, ఒక బండి. జగడమును తగ్గించుటకు మేము చూచిన సులువైన ఉపాయము ఇదే: అద్దము దించుట, ‘అన్నా, మీరు ముందు వచ్చినారా?’ అని అడుగుట. ఆ ఒక్క మాటకు హారను పట్టుకొన్న చేయి క్రిందికి దిగుటను ఒకటి రెండు పర్యాయములు కన్నులార చూచితిమి. దిగనివారును ఉన్నారు. వారికి ఆ చోటు ఇచ్చివేయుడి. వారు దానిని ఇంటికి తీసికొనిపోలేరు.

26వ వచనము మొదలుకొని చదువుడి. వెళ్లిపొమ్మని చెప్పిన అబీమెలెకే ఇస్సాకును వెదకికొని వచ్చెను. ఇస్సాకు వారికి విందు చేసెను, వారు అన్నపానములు పుచ్చుకొని ప్రమాణము చేసికొని సమాధానముగా వెళ్లిరి. అతడు ఏశెకు దగ్గర పోరాడియుండినయెడల, గెలిచియుండవచ్చును. ఆ బల్లయొద్ద మాత్రము వారు కూర్చుండియుండరు.

గృహకూటములలో ఈ పాఠము చెప్పువారు, ‘నా హక్కును నేను విడిచిన చోటు ఏది, ఇతరుని హక్కు కొరకు నిలువవలసిన చోటు ఏది’ అని కూడినవారిని అడిగి, కారులను మాత్రమే గాక గట్టులను, కొళాయి దగ్గరి వరుసను గూర్చియు మాటలాడనియ్యవలెను. వచ్చు కోతపండుగకు పల్లెలనుండి ట్రాక్టర్లు, ఆటోలు, మోటారు సైకిళ్లు మునుపటికంటె ఎక్కువగా వచ్చును. మందిరపు మెట్ల యెదుట వేపచెట్టు నీడ వృద్ధులను, నడువలేనివారిని దించు బండ్లకు విడువబడును. ట్రాక్టర్లు వెనుకటి బీడులో నిలుపవలెను. యౌవనస్థులలో నలుగురు తెల్లవారకమునుపే వచ్చి సున్నముతో గీతలు గీయుదురు. పాస్టరు మోటారు సైకిలును ట్రాక్టర్ల ప్రక్కననే ఉండును.