పూలలోయలో ఒక పగలు

ఉత్తరాఖండ రాష్ట్రమున, చమోలీ జిల్లాలో, హిమాలయ పర్వతముల నడుమ ఘాంఘరియా అను చిన్న పల్లె కలదు. అది సముద్రమట్టమునకు సుమారు 3,050 మీటర్ల ఎత్తున నున్నది. శీతకాలమున అచట మంచు దట్టముగా పేరుకొనును. అప్పుడు జనులు క్రింది ఊళ్లకు తరలిపోవుదురు; పల్లె నిర్మానుష్యమగును. ఎండలు ముదిరి మంచు కరగిన పిదప వారు మరల వచ్చి అంగళ్లను, బసలను తెరతురు. దేవదారు వృక్షముల నీడలో, రెండు ఏళ్లు కలియు చోట ఈ పల్లె వెలసినది. ఒకటి హేమకుండ సరస్సునుండి దిగివచ్చు హేమగంగ. రెండవది పుష్పావతి. పుష్పావతి ప్రవహించు లోయకే పూలలోయ అని పేరు.

జోషీమఠము నుండి బదరీనాథమునకు పోవు దారిలో గోవిందఘాట్ అను ఊరున్నది. అచటినుండి పుల్నా అను గ్రామము వరకు బండ్లు పోవును. తరువాత బాట యంతయు కాలినడకయే. నడువలేనివారు కంచరగాడిదల నెక్కుదురు. కొందరిని కూలీలు వెదురు బుట్టలలో కూర్చుండబెట్టుకొని వీపున మోయుదురు. ఇట్లు సాయంకాలమునకు ఘాంఘరియా చేరినవారు రాత్రి విశ్రమించి, మరునాటి ఉదయమున లోయకు బయలుదేరుదురు.

తెల్లవారగనే పల్లె యంతయు మేల్కొనును. ఊరు దాటిన కొంతదూరములో బాట రెండుగా చీలును. కుడివైపు బాట 4,000 మీటర్లకు మించిన ఎత్తున నున్న హేమకుండమునకు పోవును. ఆ సరస్సు గట్టున సిక్కుల గురుద్వారా కలదు. భక్తులు భగవన్నామము నుచ్చరించుచు ఆ నిట్టదారి నెక్కుదురు. ఎడమవైపు బాట పూలలోయకు పోవును. ఆ దారిలో సందడి తక్కువ. కొంచెము ముందుకు పోగా అటవీశాఖవారి కావలి గది కనబడును. అచట రుసుము చెల్లించి అనుమతి పత్రము పొందినగాని లోనికి పోరాదు.

ఈ ప్రదేశమును 1982వ సంవత్సరమున జాతీయవనముగా ప్రకటించిరి. దీని వైశాల్యము 87.5 చదరపు కిలోమీటర్లు. 2005లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది. ఏటేట జూన్ 1వ తేదీ నుండి అక్టోబరు 31వ తేదీ వరకు మాత్రమే ఇచటికి జనులను రానిత్తురు. నియమములు కఠినమైనవి. పూవును కోయరాదు. బాట విడిచి అడుగు పెట్టరాదు. గుఱ్ఱములను, కంచరగాడిదలను లోనికి తోలరాదు. అన్నిటికంటె ముఖ్యమైన నియమము మరియొకటి కలదు: ఎంతటివారైనను అచట రాత్రి నిలువరాదు, చీకటి పడకముందే పల్లెకు తిరిగి రావలెను.

మొదట బాట అడవిలో సాగును. క్రింద పుష్పావతి బండలపై నురుగులు క్రక్కుచు దుముకుచుండును. వంతెన దాటిన తరువాత ఎక్కుడు మొదలగును. ఇచట తెల్లని బెరడుగల చెట్లు కానవచ్చును. అవియే భూర్జవృక్షములు. వాని బెరడు కాగితమువలె పొరలుపొరలుగా ఊడివచ్చును. తెలుగు దేశమున పూర్వులు తాటియాకులపై గంటముతో వ్రాసినట్లు, ఉత్తరాదివారు ఈ భూర్జపత్రములపై సిరాతో గ్రంథములను వ్రాసికొనిరి. ఎత్తు పెరిగిన కొలది చెట్లు పొట్టివై, తుదకు మాయమగును. అంతట కొండలు ఇరువైపులకు తొలగి, విశాలమైన పచ్చికబయలు కన్నుల యెదుట నిలుచును. లోయ పొడవు సుమారు 8 కిలోమీటర్లు. వెడల్పు సుమారు 2 కిలోమీటర్లు. దూరమున మంచుకొండలు, వాని పాదమున హిమానీనదము, దాని నుండి పుట్టిన పుష్పావతి.

ఇచట అయిదు వందలకు పైగా మొక్కల జాతులు పెరుగుచున్నవి. వానిలో కొన్ని దక్షిణాదివారికి పరిచితములైన మొక్కలకు చుట్టములే. జులై, ఆగస్టు నెలలలో వాలులను గులాబిరంగుతో నింపు పూవు పెరటిలోని కాశీతుమ్మ జాతిది. దాని పండిన కాయయు ముట్టుకొనగనే చిట్లి విత్తనములను విరజిమ్మును. పాము పడగవలె వంగిన మరియొక పూవు చేమ, కంద మొక్కల కుటుంబమునకు చెందినది. బండల సందులలో ముండ్ల కాడపై పూయు నీలిపూవు గసగసాల జాతిది. మిక్కిలి ఎత్తైన తావులలో వికసించు బ్రహ్మకమలమునకు తామరతో సంబంధము లేదు. అది పొద్దుతిరుగుడు, చామంతుల కుటుంబమునకు చెందినది.

ఇంత పూలసంపద ఏల కలిగినది? ఈ నేల సంవత్సరములో సగమునకు పైగా మంచు క్రింద నుండును. మొలచి, పూచి, గింజ కట్టుటకు మొక్కకు దొరకు కాలము మూడు నాలుగు నెలలు మాత్రమే. కావున పెక్కు మొక్కలు శీతకాలమంతయు నేలలోని దుంపలయందును వేళ్లయందును ఆహారమును దాచుకొని, మంచు కరగిన వెంటనే చిగురించును. ఒక జాతి పూత ముగియుసరికి మరియొక జాతి పూయును. అందువలన లోయ రంగు కొలది వారములకే మారుచుండును. ఒక మొక్కను జులైలో తొక్కివేసినచో, ఆ ఏట అది మరల లేచి గింజ కట్టుటకు వ్యవధి చాలదు. బాట విడువరాదను నియమమునకు ఇదియే కారణము.

1931 జూన్ నెలలో ఫ్రాంక్ స్మైత్, ఎరిక్ షిప్టన్ మున్నగువారు 7,756 మీటర్ల కామెట్ శిఖరమును తొలిసారిగా ఎక్కిరి. తిరుగుదారిలో ఒక కనుమ దాటి వారీ లోయలోనికి దిగి, పూలను చూచి అబ్బురపడిరి. స్మైత్ 1937లో మరల వచ్చి, గుడారము వేసికొని, మొక్కలను విత్తనములను సేకరించెను. మరుసటి యేడు వెలువడిన ఆయన గ్రంథము వలన లోయ కీర్తి దేశదేశములకు వ్యాపించినది. ఆ కీర్తి విని 1939లో జోన్ మార్గరెట్ లెగ్ అను ఆంగ్ల వనిత ఇచటి పూలను సేకరింప వచ్చెను. పూలకొరకు ఎక్కుచు, రాతి వాలుపై కాలుజారి ఆమె ప్రాణములు కోల్పోయెను. ఆమె సమాధి లోయలోనే కలదు. తరువాత ఆమె సోదరి వచ్చి అచట శిలాఫలకమును నిలిపెను. బాటసారులు ఆ చోట కొంతసేపు మౌనముగా కూర్చుండి పోవుదురు.

స్మైత్ ఈ లోయను లోకమునకు తెలిపెనేగాని కనుగొనెననుట సరికాదు. భ్యూండార్ గ్రామపు కాపరులకు ఇది తాతముత్తాతల నాటినుండి తెలిసిన తావు. ప్రతి వేసవిని వారు గొఱ్ఱెలను, మేకలను ఈ పచ్చికకు తోలుకొని వచ్చెడివారు. జాతీయవనము ఏర్పడిన పిదప మేత నిషేధింపబడినది. పూలను కాపాడుట కిది అవసరమని అధికారులు తలచిరి. కాపరులకు మాత్రము తరతరముల పచ్చిక చేజారినది.

అటు పిమ్మట విచిత్రమైన చిక్కు ఏర్పడినది. పాలిగోనము అను ఏపుగా పెరుగు మొక్క లోయలో గుంపులుగా వ్యాపింపసాగెను. అది పరదేశపు మొక్క కాదు, హిమాలయములదే. కాని అది మనిషి నడుము దాటి పెరిగి, చిన్న పూమొక్కలకు ఎండ తగులనీయదు. పశువుల మేత మానుటవలననే ఇది ప్రబలినదని కొందరందురు. మునుపు మందలు విడిసిన చోట్లను, కొండచరియలు విరిగిన చోట్లను నేల చెదరుటయే కారణమని మరికొందరందురు. కారణమేదైనను, అటవీశాఖవారు దానిని ఏటేట పెరికించుచున్నారు. ఒక స్థలమునకు కంచె కట్టి నిషేధము విధించుటతో రక్షణ ముగియదని, ప్రతి సంవత్సరమును కన్నిడి చూచుకొనువారు కావలెనని దీనివలన తెలియుచున్నది.

ఆ చూచుకొనువారిలో పల్లెవారును కలరు. మందలు పోయిన పిదప పెక్కు కుటుంబములు యాత్రికులకు బస, భోజనము సమకూర్చి జీవించుచున్నవి. యాత్రికులు విడిచిన ప్లాస్టిక్ సీసాలను, సంచులను గ్రామస్థుల సంఘమువారు ఏరి క్రిందికి చేర్చుచున్నారు. 2013 జూన్‌లో పెను వరద వచ్చి, భ్యూండార్ లోయలోని వంతెనలను, బాటను కొట్టుకొనిపోయినది. అప్పుడు దారిని మరల నిర్మింపవలసి వచ్చినది. పూలలోయ చెడినచో యాత్రికులు రారు; యాత్రికులు రానిచో ఈ పల్లెలకు బ్రతుకుతెరువు లేదు. ఆ సంగతి వారికి బాగుగా తెలియును.

మధ్యాహ్నము దాటగనే కొండలపై మబ్బులు క్రమ్మును. సన్నని వాన కురియును. బాటసారులు ఒక్కొక్కరుగా వెనుదిరుగుదురు. కావలివారు లోయలో ఎవరును మిగులకుండ చూతురు. వారందరును దాటివచ్చిన పిదప ఆ పచ్చిక మరల కస్తూరి మృగములకు, ఎలుగులకు, రంగుల ఈకల మోనాల్ పక్షులకు చెందును. ఏ మనిషియు అచట రాత్రి నిలువకపోవుటచేతనే మరునాడు వచ్చువారికి ఆ పూలు మిగులుచున్నవి. ప్రకృతి ఇంట అతిథిగా పోయినవాడు వేళకు సెలవు తీసికొనుటయే మర్యాద.