మొండి కణం ఏం తిని బతుకుతోంది?

చి. సౌమ్యకు,

ప్లాటినం మందులకు లొంగని అండాశయ క్యాన్సర్ కణాల మీద పని అప్పగించారని రాశావు, సంతోషం. "గ్లూకోజ్ అందకుండా చేస్తే చచ్చి ఊరుకుంటాయి కదా" అని కూడా రాశావు. నాకు పేచీ అక్కడే.

ఈ క్యాన్సర్ చాలామందిలో పొట్టంతా పాకాక గానీ బయటపడదు. ఆపరేషన్ చేసి, కార్బోప్లాటిన్ అనే ప్లాటినం మందు, దాంతో పాటు పాక్లిటాక్సెల్ ఎక్కిస్తారు. మొదటి విడత ఎక్కువమందికి బాగానే పనిచేస్తుంది. తర్వాత చాలామందికి తిరగబెడుతుంది. ప్లాటినం ఆపిన ఆరు నెలల లోపే తిరగబెడితే లొంగని రకం కింద లెక్క. తర్వాతి మందు ఎంచుకోవడానికి డాక్టర్లు గీసుకున్న గీత అది.

ప్లాటినం డీఎన్‌ఏకు అతుక్కుని కణాన్ని చంపుతుంది. అతుక్కునే లోపే దాన్ని పట్టి కట్టేసేది గ్లూటాథయాన్. అది తయారు కావాలంటే గ్లుటమేట్, సిస్టీన్, గ్లైసిన్ కావాలి, ఏటీపీ రూపంలో శక్తి ఖర్చవ్వాలి. దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసుకోవడానికీ సరుకు కావాలి. అంటే ఈ మొండితనం ఊరికే రాదు. ఆ ఖర్చుకు కణం సరుకు ఎక్కడ తెచ్చుకుంటోందో పట్టుకోవడమే నీ పని.

ఆక్సిజన్ ఉన్నా క్యాన్సర్ కణజాలం గ్లూకోజ్‌ను లాక్టేట్‌గా మారుస్తుందని 1920లలోనే ఒట్టో వార్‌బర్గ్ చూపాడు. శ్వాసక్రియ చెడిపోవడమే అందుకు కారణమన్నాడు, అది మాత్రం నిలవలేదు. చాలా క్యాన్సర్లలో ఆ శ్వాసక్రియ జరిగే మైటోకాండ్రియా నిక్షేపంగా పనిచేస్తుంటాయి. బియ్యం లేకపోతే జొన్నలు వండుకునే ఇల్లు ఆ కణం. గ్లూకోజ్ ఆపితే గ్లుటమైన్ వాడుతుంది, లేదా కొవ్వు. అండాశయ క్యాన్సర్‌కైతే కొవ్వు కోసం వెతుక్కునే పనే లేదు. పేగుల మీద కప్పినట్టుండే ఒమెంటమ్ అనే కొవ్వు పొర అది పాకడానికి ఇష్టపడే చోటు. అక్కడి కొవ్వు కణాలే క్యాన్సర్ కణాలకు కొవ్వు ఆమ్లాలు అందిస్తాయని షికాగో విశ్వవిద్యాలయంలో ఎర్నస్ట్ లెంగ్యెల్ బృందం 2011లో చూపింది.

నీ డిష్‌లో ఆ కొవ్వు పొర లేదు. పైగా నువ్వు పోసే మీడియం ఏది? హై-గ్లూకోజ్ డీఎంఈఎం అయితే లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజ్. పరగడుపున మన రక్తంలో ఉండేది ఒక గ్రాముకు అటూ ఇటూ. అంత విందులో పెరిగిన కణం ఆకలి గురించి ఏం చెబుతుంది?

ఇంకో చిక్కుంది. కణం తిండి మీద కొట్టే దెబ్బ మంచి కణాలకూ తగులుతుంది. మైటోకాండ్రియా కాంప్లెక్స్-1ను అడ్డుకునే ఐఏసీఎస్-010759 అనే మందు మీద ఎన్నో ఆశలుండేవి. మనుషులకిచ్చి చూస్తే రక్తంలో లాక్టేట్ పెరిగింది, నరాలు దెబ్బతిన్నాయి, ట్రయల్ ఆపేశారు. మెట్‌ఫార్మిన్ చవక, మధుమేహానికి వాడే పాత మందు, అందుకే అందరికీ దాని మీద ముచ్చట. రొమ్ము క్యాన్సర్‌లో 3,649 మందితో జరిగిన ట్రయల్ 2022లో వెలువడింది. ప్రధానంగా చూసిన అంశంలో దానివల్ల లాభం తేలలేదు.

అయినా ఈ దారి వట్టిదనుకోకు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడు తయారైన అమినోప్టెరిన్, కణానికి ఫోలేట్ అనే విటమిన్ పని జరగకుండా అడ్డుపడే మందు. సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకిచ్చి 1948లో ఫలితాలు ప్రచురించాడు. 16 మందిలో 10 మందికి నయమైన జాడ కనిపించింది, కానీ నిలవలేదు. కణం అప్పుడూ దారి వెతుక్కుంది.

అదే ఫోలేట్ ఇప్పుడు ఇంకో రకంగా అక్కరకొచ్చింది. ఫోలేట్‌ను లోపలికి లాక్కునే గ్రాహకం చాలా అండాశయ క్యాన్సర్ కణాల మీద దండిగా ఉంటుంది. మిర్వెటుక్సిమాబ్ అనే మందు ఆ గ్రాహకాన్ని పట్టుకుని విషాన్ని లోపలికి చేరుస్తుంది. ప్లాటినానికి లొంగని రోగుల కోసమే అమెరికాలో 2022లో దానికి అనుమతి వచ్చింది. తిండి ఆపలేదు చూడు, తిండి వెళ్లే తోవలోనే మందు పంపారు. నా మటుకు నాకు ఇది ఎక్కువ తెలివైన ఆలోచన.

అందుకని ముందు మందులు కొనకు. లొంగే కణాలు, లొంగనివి, వాటి పక్కన మామూలు కణాలు కూడా పెట్టి, ఆక్సిజన్ ఎంత వాడుతున్నాయో, లాక్టేట్ ఎంత వదులుతున్నాయో కొలువు. ఒక విడత కొవ్వు ఆమ్లాలు కలిపి, ఒక విడత కలపకుండా. అంకెలు పంపేటప్పుడు మీడియం పేరు రాయడం మరిచిపోకు.

మీ అత్తయ్య